అక్షహృదయము

సంక్రాంతి మూడు దినములును గుడివాడ చుట్టుపట్ల తోటలలోను దివిసీమ లంకలలోను బరులు వెలసి, కోడికాలికి కత్తి కట్టుట నేరమని చట్టము ఘోషించుచున్నను పందెములు సాగుచునే యుండును. పండుగ వెళ్ళిన పిమ్మట పేకముక్కలును, ఇప్పుడు చేతిలోని ఫోనును ఆ బరిని ఏడాది పొడవునను ఇంటిలోనే నిలుపుచున్నవి. పొలము తాకట్టుపెట్టి, భార్య మెడలోని గొలుసు అమ్మి, మోపిదేవి సుబ్బారాయుని మీద ఒట్టు పెట్టుకొని, పక్షము తిరుగకమునుపే మరల ఆటకు కూర్చున్నవానిని చూచి 'వాడికి దైవభయం లేదు' అందురు మనవారు. ఆ తీర్పు న్యాయమైనదేనా?

ఇష్టము లేకున్నను ఎవరో బలిమిని నెట్టినట్లు మనుజుడు పాపమేల చేయునని గీత మూడవ అధ్యాయమున అర్జునుడడిగినది ఈ ప్రశ్ననే. జూదరి విషయమున దీనికి సమాధానము నాకు నలోపాఖ్యానమున దొరకినది. కలిపురుషుడు ఆవేశించి పాచికలాడుచున్న నలమహారాజునకు భార్య దమయంతి వేడికోలు గాని, వాకిట నిలిచిన మంత్రుల, పౌరుల మొర గాని చెవికెక్కలేదు. కలి ఆవేశించినంత మాత్రమున నలుడు నిర్దోషి యని నేననను. పాచికలు వేసినది అతని చేయియే, అడవుల పాలైనదియు అతడే. కాని ఆ కలి వదలినది ఒట్టు వలన గాదు, నింద వలన గాదు. ఋతుపర్ణుడను రాజు తాండ్రచెట్టు ఆకులను, కాయలను ఒక్కచూపున లెక్కచెప్పి, అటుపై అక్షహృదయమును, అనగా పాచికల మర్మమును, ఉపదేశించినప్పుడు కలి అతని దేహమును వీడి ఆ చెట్టునే ఆశ్రయించెను. వేదకాలమున పాచికలుగా వాడినవి ఆ చెట్టు కాయలే.

నేటి వైద్యులు చేయునదియు ఇంచుమించు ఈ మర్మోపదేశమే. 1980లో అమెరికా మనోవైద్యులు జూదవ్యసనమును రోగముల పట్టికలో చేర్చి, 2013లో మద్యము మొదలగు వ్యసనముల సరసన నిలిపిరి. పందెము పెంచినగాని తృప్తి కలుగకుండుట, మానబోయిన చిరాకు, ఇంటిలో అబద్ధములు, అన్నింటికంటె ముఖ్యముగా 'పోయినచోటే రాబట్టాలి' అను పట్టుదల, ఇవి గుర్తులు. ఇన్నిమారులు ఓడితిని గనుక ఇక గెలుపు నాదే యను భ్రమను ఓర్పుతో విప్పి చూపుట చికిత్సకు ప్రాణము. కలిపిన పేకకు వెనుకటి ఆట జ్ఞాపకముండదు గదా! నలుడు పిమ్మట మరల ఆడి గెలిచిన మాటను మాత్రము వ్యసనపరుడు ఆదర్శముగా గైకొనరాదు. వానికి ఆట పూర్తిగా మానుటయే క్షేమము. కొన్నాళ్ళు డబ్బు ఇంటివారి చేతిలో నుండవలెను. తల్లి చాటుగా అప్పు తీర్చినచో అది మరియొక పందెమునకు పెట్టుబడి యగును.

ఒట్టు పెట్టించుటకు గుడికి తీసికొనిపోవు అన్నదమ్ములారా, స్వామిదర్శనము చేయించుడు. ఆ మరునాడే మచిలీపట్నమునకో విజయవాడకో తీసికొనిపోయి మానసిక వైద్యునికి చూపుడు. ప్రభుత్వమువారి మానసికారోగ్య సహాయవాణి టెలీమానస్ 14416 సంఖ్యకు పగలైనను రాత్రియైనను ఫోను చేయవచ్చును. రుసుము లేదు, తెలుగుననే మాటాడవచ్చును.