చెయ్యి లేని అక్షరం

గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల మీద చెక్కిన అక్షరాలను చూసి అందరూ ‘ఎంత అందం’ అంటారు. ఆ లిపే నిజామాబాద్‌లో మా దుకాణం బోర్డు మీద కనిపిస్తే కొందరికి పరాయిది. చచ్చినవాళ్ల మీద కళ, బతికున్నవాళ్ల మీద అనుమానం. ఇదేం న్యాయం?

ఈ తప్పు పైవాళ్లదే అనలేం. బాగ్దాద్‌లో ఇబ్న్ ముఖ్లా కలం పెట్టే చుక్కనే కొలతగా చేసి అరబీ అక్షరాలకు పొందిక తెచ్చాడు. వజీరుగా కూడా పనిచేసిన ఆయన కుడిచేతిని ముస్లిం పాలకులే నరికించారు. 940లో ఖైదులోనే పోయాడు. ఆయన కొలత మాత్రం మిగిలింది.

1981లో నూరీ నస్తాలీఖ్‌తో ఉర్దూ రాత కంప్యూటరెక్కింది. క్రమంగా కాతిబ్‌ల చేతుల్లోంచి కలం జారిపోయింది. ఆయతులు ఫ్రేము కట్టించుకునే ఇళ్లలోనూ ఆ చేతుల గురించి మాట లేదు.

చెరుకు కథా అంతే. 1937లో పెట్టిన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. తీపి అందరికీ గుర్తే. గానుగాడించిన చేతులో?

అక్షరాన్ని మెచ్చేవాళ్లు ముందు రాసే చేతిని మనిషి చెయ్యిగా చూడాలి. మేము ఉర్దూలో రాసినా తెలుగులో రాసినా చెయ్యి ఒక్కటే.