కనబడని ఉత్తరం లేనట్టేనా?

థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రాం తెరిస్తే రెండు రోజులుగా కొత్త ఉత్తరం లేదు. ఎవరూ రాయలేదనుకోవచ్చా?

ఈ ప్రశ్న మీమాంసకులనే భారతీయ తాత్వికులకు పాతదే. నేల మీద కుండ కనబడకపోతే అది లేదని తెలుస్తుంది. ఆ తెలివిడికి ఆధారాన్ని ‘అనుపలబ్ధి’ అన్నారు; కుమారిల భట్టు సంప్రదాయం దాన్ని ఆరో ప్రమాణంగా, అంటే జ్ఞానసాధనంగా, నిలిపింది, అద్వైతులూ ఒప్పుకున్నారు. అయితే వాళ్లు పెట్టిన షరతులోనే అసలు ప్రాణముంది: ఉంటే కనబడి తీరాల్సిన పరిస్థితి ఉండాలి. చీకటి గదిలో కుండ కనబడకపోవడం దేనికీ రుజువు కాదు.

సర్వర్‌తో సింక్ ఆగిన మెయిల్ ప్రోగ్రాం చీకటి గదే. ఐమ్యాప్ అనే మెయిల్ పద్ధతిలో అసలు ఉత్తరాలుండేది సర్వర్‌లో. కంప్యూటర్‌లో ఉన్నది వాటి నకలు. కాబట్టి ముందు బ్రౌజర్‌లో అదే ఖాతా తెరవాలి. ఉత్తరాలు అక్కడుంటే లోపం ఇంట్లోదే. ప్రోగ్రాం ‘ఆఫ్‌లైన్’లో ఉందా? పాస్‌వర్డ్ మారిందా? లాగిన్ పద్ధతే మారిందా? మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబరు నుంచి తన మెయిల్ సేవ ఎక్స్‌ఛేంజ్ ఆన్‌లైన్‌లో ఉత్త పాస్‌వర్డ్ లాగిన్‌ను ఆపేస్తూ వచ్చింది. ఓఆత్ అనే కొత్త లాగిన్ పద్ధతి తెలియని పాత ప్రోగ్రాంలు గుమ్మం బయటే మిగిలాయి. ఇవేవీ కాకపోతే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ‘రిపేర్ ఫోల్డర్’ నొక్కితే చెడిన సూచిక ఫైలు కొత్తగా తయారవుతుంది.

ఖాతానే తీసేసి మళ్లీ పెట్టడం తొందరపాటు. కంప్యూటర్‌లోని లోకల్ ఫోల్డర్లలోకి మార్చుకున్న ఉత్తరాలు సర్వర్‌లో ఉండవు. వాటికి ముందే బ్యాకప్ కావాలి.

జవాబు రాయలేదని స్నేహితుడి మీద మనసు కష్టపెట్టుకునే ముందు, ఒక్కసారి బ్రౌజర్‌లో చూడండి.