ఋణవిముక్తి - మితవ్యయము

ఒంటరిగా జీవించు ఉద్యోగి గృహఋణమును గడువునకు ముందే తీర్చవలెనని ఒకపూట వండినది రెండుపూటల భుజించుచు, పండుగకైనను క్రొత్తబట్ట కొనక కాలము గడపుచున్నచో, అది సుగుణమా, లోభమా?

లెక్క అతని పక్షముననే యున్నది. నూటికి ఏటికి 9 రూపాయల వడ్డీతో 20 ఏండ్లకు తీసికొన్న 10 లక్షల అప్పునకు నెలవాయిదా సుమారు 9,000. మొదటి నెల అందులో 7,500 వడ్డీకే పోవును. అసలునకు చేరునది 1,500 మాత్రమే! నెలనెలా మరి 4,000 అసలునకు జమకట్టినచో 10 ఏండ్లలోపే ఇల్లు తాకట్టు విడివడును. మారెడి వడ్డీరేటుగల గృహఋణములను ముందుగా తీర్చువారినుండి జరిమానా వసూలు చేయరాదని రిజర్వుబ్యాంకు 2012లో బ్యాంకులను ఆదేశించినది కూడ.

కాని ఆ 4,000 ఎక్కడిది? తన కోరికలను తగ్గించుకొని కూర్చినదైనచో దోషము లేదు. తల్లి మందులకు పంపవలసినది, ఆకలిగొని వచ్చినవానికి పెట్టవలసినది నిలిపి కట్టినదైనచో అప్పు తీరలేదు. బ్యాంకు పద్దునుండి వారి పద్దునకు మారినది.

ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము తెచ్చెను. దాసోహమునకు నిత్యము తెచ్చునదే చాలునని లక్కమ్మ మిగులును తిరిగి పంపినది. ఒంటరివానికి గల చిక్కు ఇదియే. ఇంట లక్కమ్మ లేదు. ఎక్కువ కూడబెట్టితివని గాని, మరీ తక్కువ తినుచున్నావని గాని చెప్పువారుండరు. పొదుపు పిసినారితనమైన సంగతి అతనికంటె పొరుగువారికే ముందు తెలియును.

కావున జీతము అందిననాడే దాసోహభాగమును వేరుపరచి, పిదప బ్యాంకు ముఖము చూచుట యుక్తము. ఆ 4,000లో 1,000 ఇతరులకై తీసిపెట్టినచో విముక్తి సుమారు 16 నెలలు ఆలస్యమగును.