మృగహింస – గృహస్థధర్మము

ప్రాణిని చంపిన పాపము చంపినవాని ఒక్కని తలమీదనే పడునని లోకమున ఒక భావము కలదు. ధర్మశాస్త్రము అట్లు చెప్పలేదు. మనుస్మృతి పంచమాధ్యాయము ఎనిమిదిమందిని ఘాతకులుగా లెక్కించినది. హింసకు సమ్మతించినవాడు, కోసి ముక్కలు చేసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు - వీరందరును ఆ హింసలో పాలివారే. కోసినవానికి శాస్త్రము 'విశసిత' అని ప్రత్యేకముగా ఒక పేరు పెట్టినది. చంపినవానికంటె ముందుగానే అతనిని పేర్కొన్నది.

ఈ పట్టికను ఒకసారి చదివి విడువక, ఎవరెవరు ఎచ్చట నుందురో ఆలోచింపవలెను. చంపినవాడు అడవిలో నుండును. కొనుట, అమ్ముట దారిలోనో సంతలోనో జరుగును. సమ్మతించువాడు, కోయువాడు, వండువాడు, వడ్డించువాడు, తినువాడు - ఈ ఐదుగురును ఇంటిలోనివారే కావచ్చును. ఎనిమిదింట ఐదు పాళ్లు ఒక్క గడప లోపలనే జరుగుచుండగా, వేటగాడొక్కడే పాపి అని తలంచుట న్యాయమా?

మైదానమునకును మన్యమునకును నడుమ నున్న ఊళ్లలో ఈ ప్రశ్న పుస్తకములకు మాత్రమే పరిమితమైనది కాదు. చోడవరము అట్టి ఊరు. 2022 వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరినది. ఊరి చుట్టును చెరకు తోటలు, బెల్లము వండు పొయ్యిలు, ఊరిలో స్వయంభూ విఘ్నేశ్వరుని ఆలయము. అచ్చటినుండి మాడుగుల వైపు సాగిన దారి పాడేరు కొండలకు చేర్చును. చుక్కల దుప్పి, కణుజు, కొండగొర్రె మొదలైన మృగములు ఈ తూర్పుకనుమలకు అనాదిగా చెందినవి. మన్యమున చైత్రమాసములో జరుగు ఇటుకల పండుగకు పురుషులు కలసి వేటకు పోవుటయు, దొరికినదానిని ఊరంతయు వాటాలు వేసికొనుటయు పూర్వమునుండి వచ్చిన ఆచారము. కొండమీద పుట్టి, కొండ ఇచ్చినదానితో బ్రతికిన జనుల ఆకలి వేరు. గాదెలో ధాన్యము, పెరటిలో పాడి ఉండి కూడ లేడిమాంసము కొరకు నాలుక చాచు మైదానపు గృహస్థుని రుచి వేరు. ఈ మాటలు రెండవవానిని ఉద్దేశించినవి.

ఇట్టి ఊరిలో ఒక వైష్ణవ గృహస్థుడు ఉన్నాడనుకొందము. నుదుట తిరునామము ధరించును. ఏటేట తిరుమలకు, చందనయాత్రకు సింహాచలమునకు పోవును. ఇంటిలో ధనుర్మాసము, శనివారము నియమముగా జరుగును. తక్కిన దినములలో కులాచారమునుబట్టి మాంసము తిను ఇల్లే. ఒక రాత్రి పరిచయస్థుడొకడు పెరటి తలుపు తట్టి, గోనెలో చుట్టిన దుప్పిని దించి, "బాబూ, మీ కోసమే తెచ్చినాను. ఇక్కడనే కోసికొని సగము మీరుంచుకొనుడు" అనును. అప్పుడా గృహస్థుని మనస్సు నాలుగు సమాధానములు వెదకును. చంపినది మనము కాదు గదా. డబ్బిచ్చి కొనలేదు గదా. పూర్వము రాజులు వేటాడినారు గదా. ఈ రోజు శనివారము కాదు గదా.

మొదటి మాటకు మహాభారతము ఆరణ్యపర్వములోని ధర్మవ్యాధుడే ఉత్తరము. మిథిలానగరమున అతడు అమ్మినది లేడిమాంసము, దున్నపోతు మాంసము. తాను చంపడు, ఇతరులు చంపి తెచ్చినదానిని అమ్మును, తాను తినడు. "నేను చంపలేదు" అని తప్పించుకొనుటకు అతనికంటె ఎక్కువ అధికారము ఎవనికి కలదు? అయినను తనది ఘోరమైన వృత్తియనియు, పూర్వకర్మఫలముగా సంక్రమించినదనియు కౌశికునితో దాపరికము లేక చెప్పెను. వృత్తిగా వచ్చినవాడే అట్లు తల వంచుకొన్నప్పుడు, వృత్తి కాదు, కరవు కాదు, కేవలము రుచికై కత్తిపీట ముందు కూర్చున్నవాడు ఏమని సమర్థించుకొనును?

రెండవ మాటకు దేశపు చట్టమే బదులు చెప్పుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. వేటాడబడిన మృగమే కాక, దాని మాంసము, చర్మము, కొమ్ములు గూడ ప్రభుత్వపు సొత్తని ముప్పదితొమ్మిదవ సెక్షను చెప్పుచున్నది. అట్టి వస్తువు ఏ విధముగా చేతికి వచ్చినను 48 గంటలలోగా పోలీసు స్టేషనుకుగాని, అధికారము గల ఉద్యోగికిగాని తెలుపవలెను. అనుమతి లేక దగ్గర నుంచుకొనుట, అమ్ముట, దానముగా ఇచ్చుట అన్నియు నేరములే. కొనలేదను మాట అచ్చట చెల్లదు. కుక్కలు తరిమి చంపినది, బండి క్రింద పడినది అని చెప్పినను ఇంటికి తెచ్చి కోసికొనుటకు హక్కు రాదు.

మూడవ మాట రాజులను గూర్చినది. క్షత్రియులు మృగయ సల్పిరనుట నిజము. కాని ఆ మనుస్మృతియే వేటను రాజునకు కామము వలన కలుగు పది వ్యసనములలో చేర్చి, మద్యము, జూదము, స్త్రీలౌల్యముతోపాటు మిక్కిలి కీడైన నాల్గింటిలో ఒకటిగా ఎంచినది. పాండురాజు లేడిజంటను కొట్టి, మృగరూపమున నున్న కిందమమహర్షి శాపమునకు గురియై రాజ్యము విడిచి అడవులు పట్టెను. ప్రాచీనబర్హి వేటాడలేదు, యజ్ఞములు చేసెను. అయినను శ్రీమద్భాగవతము చతుర్థస్కంధమున నారదమహర్షి, ఆ యజ్ఞములలో బలియైన పశువులు ఇనుప కొమ్ములతో అతని రాకకై ఎదురుచూచుచున్నవని ఆకాశమున చూపెను. విధివిహితమని చేసినదానికే లెక్క అట్లున్నప్పుడు, పెరటిలో దీపపు వెలుగున దొంగతనముగా చేసినదానికి లెక్క ఎట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు.

నాల్గవ మాట వారమును గూర్చినది. శనివారము వేంకటేశ్వరునికి ప్రీతియైన దినమని నియమము పాటించుట ఉత్తమమే. ఒకనాటి నియమము మిగిలిన ఆరు దినములకు దారి చూపవలెను గాని, వాటికి విడుదల పత్రము కారాదు.

మేకను, కోడిని విడిచి లేడిని గూర్చియే ఇంత ఏల అని కొందరడుగుదురు. హింస యెచ్చటనైనను హింసయే; దానిని పూర్తిగా మానినవారు ధన్యులు. కాని లేడి విషయమున మరియొక దోషము కలదు. మేకను మనుష్యుడు పెంచినాడు, మేపినాడు, వానకు చూరు క్రింద కట్టినాడు. అడవిలోని లేడి మనుష్యుని గడ్డిపరక తినలేదు, అతని కుండలోని నీరు త్రాగలేదు. దానికి యజమాని సర్వేశ్వరుడొక్కడే. జగత్తంతయు ఈశ్వరునిచే ఆవరింపబడినదనియు, ఇతరుల సొత్తును ఆశింపరాదనియు ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రమే ఉపదేశించుచున్నది. భగవంతుడు తన తోటలో పెంచుకొన్న ప్రాణిని చాటుగా కోసికొని, మరునాడు ఆ స్వామి సన్నిధినే చేతులు జోడించి నిలుచుట ఎంత విపరీతము! చట్టము ప్రభుత్వపు సొత్తన్నది. శాస్త్రము ఈశ్వరుని సొత్తన్నది. గృహస్థునిది కాదనుటలో రెండును ఏకవాక్యముగా నున్నవి.

ఇక కోతను గూర్చి. దూరమునుండి చూచిన మాంసము ముక్కయే. కోయువానికి అది ముక్క కాదు. తెరచిన కన్ను, ఇంకను చల్లారని పొట్ట, ఒక్కొక్కప్పుడు కడుపులోని పిల్ల. పెరటిలో తులసికోట ప్రక్కనే ఆ పని జరుగుచుండగా ఇంటి పిల్లలు గుమ్మమున నిలిచి చూతురు. భరతుడు గండకీతీరమున, సింహగర్జనకు బెదరి నదిని దాటబోయి పిల్లను జారవిడిచి మరణించిన తల్లిలేడిని చూచి కరగిపోయెను. ఆ కరుణ మమకారమై తరువాతి జన్మమున లేడి శరీరమునకు దారితీసినది. మితిమీరిన మమకారమే బంధహేతువు గాని, కరుణ దోషమని భాగవతము చెప్పలేదు. ఆ కథ విని కన్నీరు పెట్టిన పిల్లవాడే మరునాడు పెరటిలో ఈ కోతను చూచినచో, కథను నమ్మవలెనా, తండ్రిని నమ్మవలెనా?

శరీరమునకును ఇందు కీడు కలదు. ఎట్లు చచ్చినదో తెలియని మృగమును వట్టి చేతులతో కోయుట ప్రమాదకరము. ఆంత్రాక్సు అను రోగపు క్రిములు చేతి మీది చిన్న గాటు ద్వారా గూడ ప్రవేశించును. మట్టిలో ఏండ్ల తరబడి చావక నిలుచును. రోగముతో చచ్చిన పశువులను కోసి పంచుకొన్న కారణమున విశాఖ మన్యములో ఈ రోగము పలుమార్లు కనిపించినది. గృహమున పైకి కనబడు శౌచము, లోపలి శౌచము రెండును ఒక్క కత్తితోనే తెగుచున్నవి.

అట్లయిన ఆ రాత్రి తలుపు తట్టినవానిని ఏమి చేయవలెను? కసరి తరుమరాదు. కొండవారిని తక్కువగా చూచుట వైష్ణవ లక్షణము కాదు. శ్రీరాముడు గుహుని కౌగిలించుకొనెను, శబరి ఆతిథ్యమును స్వీకరించెను. అహోబిలమున నృసింహస్వామి చెంచులక్ష్మిని చేపట్టెను. వచ్చినవాడు ఆకలిగొన్నవాడైన అన్నము పెట్టవలెను. "ఇది మా ఇంట దిగదు, మరల మా కోసము వేటాడవద్దు" అని స్పష్టముగా చెప్పి, అటవీశాఖవారికి తెలుపవలెను. తినువాడున్నాడనియే వేటగాడు ఉచ్చు పన్నును. కొండ క్రింద ఇండ్లలో 'వద్దు' అను మాట నిలిచినచో కొండమీద ఉచ్చులు తగ్గును.

ఆ మాట మొదట గృహిణి నోట రావలెను. కౌశికుని ధర్మవ్యాధుని కడకు పంపినది ఎవరు? భర్తృసేవలో నున్న ఒక గృహిణి. వేదము చదివిన బ్రాహ్మణునికి తెలియని దారి ఆమెకు తెలిసినది. ఎనిమిదిమందిలో వండువారి స్థానమును, వడ్డించువారి స్థానమును ఆమె స్వీకరింపక త్రోసిపుచ్చినచో తినువాని స్థానము తనంతటనే ఖాళీయగును. పెరుమాళ్ల ముందు ఆరగింపునకు పెట్టదగనిది పొయ్యి మీదికి ఎక్కదు అను ఒక్క నియమము చాలును.

వేట రుచి స్వామికి లేదా యందురేమో. సంక్రాంతి మరునాడు తిరుమలలో పారువేట ఉత్సవము జరుగును. శ్రీమలయప్పస్వామి మండపమునకు వేంచేయును. స్వామి తరపున అర్చకులు పరుగెత్తి ఈటె విసరుదురు. వేట ముగియును. ఒక్క రక్తబిందువైనను రాలదు. సర్వమృగములకును ప్రభువైనవాడు చూపిన వేట ఇది. అతని నామమును నుదుట ధరించినవారి ఇండ్లలో కత్తిపీట కూరగాయలకే పరిమితమగు గాక. అడవిలోని లేడి అడవిలోనే తన ఆయువు తీరువరకు జీవించు గాక.