పొరుగింటి వాకిలి: మన చేయి ఎంతవరకు?

మన బస్తీల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక ఇంటి కొలిమి పొగ పక్కింటి వంటగదిలోకి పోతుంది. ఒకరి వాకిట్లో పిచ్చిమొక్కలు మొలిస్తే వీధంతటికీ కనిపిస్తాయి. అందుకే ఈ ప్రశ్న మనలో ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది: పొరుగువారి వాకిలి పాడుపడి ఉంటే మనం కలగజేసుకోవాలా, ఊరుకోవాలా?

వినడానికి ఇది చిన్న ప్రశ్నే. కానీ దీని మీద గొడవపడి ఏళ్ల తరబడి మాటలు మానేసిన కుటుంబాలు ఉన్నాయి. మా వీధిలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. అందులో తప్పు చేసినవారిలో నేనూ ఉన్నాను.

మా వీధి చివర ఒక మాతాజీ ఒంటరిగా ఉంటుంది. భర్త పోయి రెండేళ్లయింది. కొడుకులు తాళాల పని మీద ఊళ్లు తిరుగుతుంటారు. ఆమె వాకిట్లో వయ్యారిభామ మోకాలెత్తు పెరిగింది. తుప్పుపట్టిన డ్రమ్ములు, పాత టైర్లు, రేకు ముక్కలు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. వేపచెట్టు కింద ఆమె భర్త పని చేసుకున్న దాగలి, చిరిగిన కొలిమితిత్తి ఉండేవి.

గురునానక్ దేవ్ జీ గురుపురబ్ దగ్గర పడింది. నగర్ కీర్తన్ ఆ వీధిలోంచే వెళ్లాలి. "పాల్కీ సాహిబ్ వెళ్లే దారిలో ఈ చెత్త ఏమిటి? చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అని మాలో మేమే మాట్లాడుకున్నాం. మాతాజీ రెండు రోజులు కూతురి ఇంటికి వెళ్లింది. అదే అదను అనుకుని పదిమందిమి చేరి వాకిలంతా శుభ్రం చేశాం. ఇనుప సామానంతా పాత ఇనుము వ్యాపారికి అమ్మేసి, ఆ డబ్బు గురుద్వారా గోలక్‌లో వేశాం. మంచి సేవ చేశామని సంతోషపడ్డాం.

సాయంత్రం ఆమె వచ్చింది. గడప దగ్గర నిలబడి వేపచెట్టు వైపు చూసింది. "ఆయన దాగలి ఏది బిడ్డా?" అని ఒక్క మాట అడిగింది. మేం పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి వ్యాపారి లారీ వెళ్లిపోయింది. ఆ గురుపురబ్‌కు ఆమె లంగర్‌కు రాలేదు. ఇంటికి పంపిన ప్రసాదాన్ని కళ్లకద్దుకుని తీసుకుంది కానీ, మాతో మాట్లాడలేదు.

ఇది విన్నవాళ్లు, "అందుకే పక్కవాళ్ల జోలికి పోకూడదు" అంటారు. అదీ సరికాదు. ఎందుకంటే ఆ ఏడాది వానాకాలంలో మా వీధిలో ఇద్దరు పిల్లలకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడ్డారు. డెంగీని మోసే ఏడిస్ దోమ మురికి కాలువలో కంటే, నిలవ ఉన్న మంచినీళ్లలోనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. డ్రమ్ము, టైరు, కొబ్బరిచిప్ప, ఏదైనా దానికి చాలు. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. అంటే వారానికి ఒకసారి నీళ్లు పారబోసి, పాత్రల అంచులు రుద్ది కడిగితే చాలావరకు ఆపవచ్చు. ఆ పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు మాతాజీ వాకిట్లో డ్రమ్ముల నిండా వాననీళ్లున్నాయి. మా సొంత ఇళ్ల మీద నీళ్ల తొట్లు కూడా మూతలు లేకుండానే ఉన్నాయి.

అప్పుడు మాలో ఒక్కరం కూడా ఆమె గడప తొక్కి, "మాతాజీ, ఈ నీళ్లు పారబోస్తాం" అనలేదు. పిల్లల ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఊరుకున్నాం. మన పరువు అనుకున్నప్పుడు మాత్రం పదిమందిమి పోగయ్యాం. మేం చేసినది సేవ కాదు, హౌమై. అహంకారానికి చీపురు పట్టించాం, అంతే.

ఈ రెండు తప్పుల మధ్యే మన దారి ఉంది. పొరుగింటి వాకిలి చూసి మనసుకు కష్టం కలిగినప్పుడు ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది నా కంటికి బాగాలేదా, లేక ఎవరికైనా హాని చేస్తోందా?

గడ్డి పెరిగింది, సున్నం రాలింది, పాత సామాను అడ్డదిడ్డంగా ఉంది. ఇవి కంటికి సంబంధించినవి. అక్కడ మనకు హక్కు లేదు. నిలవ నీళ్లు, పిల్లలు నడిచే దారిలో పదునైన రేకులు, మూసుకుపోయిన కాలువ, ఇవి హాని. వయ్యారిభామ కూడా చాలామందికి ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం తెస్తుంది. దాని గింజలు ఒక వాకిట్లో ఆగవు. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకాలి. ఇలాంటి చోట ఊరుకోవడం మర్యాద కాదు, నిర్లక్ష్యం.

మన పని నుంచే ఒక పోలిక చూడండి. సికిలిగర్ అన్న పేరుకే మెరుగుపెట్టేవాడని అర్థం. మనం వీధి వీధి తిరిగి "కత్తులకు సాన పడతాం" అని కేకవేస్తాం. ఎవరైనా కత్తి తెచ్చి ఇస్తే పదును పెడతాం. తుప్పుపట్టింది కదా అని ఎవరి వంటింట్లోంచీ కత్తి లాక్కోం. కానీ పిల్లలు ఆడుకునే దారిలో కత్తి పడి ఉంటే, అది ఎవరిదని అడుగుతూ కూర్చోం. వెంటనే తీసి పక్కన పెడతాం. తరువాత దాని యజమానికి అప్పగిస్తాం. అంతేకానీ అమ్ముకోం.

అమృత్‌సర్‌లో పింగల్‌వాడా స్థాపించిన భగత్ పూరణ్ సింగ్ జీ (1904–1992) దారిన నడుస్తూ మేకులు, రాళ్లు, గుర్రపు లాడాలు ఏరి పక్కన వేసేవారు. మనిషి పాదానికో, పశువు గిట్టకో గుచ్చుకుంటాయని. ఆ మేకు ఎవరు పడేశారని ఆయన విచారించలేదు. ఎవరినీ చిన్నబుచ్చలేదు. గురుద్వారాలో జోడా సేవ చేసేవారు కూడా అంతే. సంగత్ విడిచిన చెప్పులు తుడుస్తారు, ఎవరి చెప్పులకు ఎంత మట్టి ఉందో బయట చెప్పరు.

హాని ఉన్నచోట కూడా ముందు అడగాలి. తలుపు తట్టి, కూర్చుని, "ఏమైనా సాయం కావాలా?" అనాలి. వాకిలి పాడుపడిందంటే చాలాసార్లు దాని వెనుక ఒక కారణం ఉంటుంది: జబ్బు, ముసలితనం, దుఃఖం, చేతిలో డబ్బు లేకపోవడం. ఇంటివారిని పక్కన ఉంచుకుని, వారు చూపించినదే తీయాలి. ఫోన్‌లో ఫొటోలు తీసి నలుగురికీ పంపకూడదు.

అడిగినా ఒప్పుకోకపోతే? హాని లేకపోతే నమస్కరించి తిరిగి రావాలి. హాని ఉంటే పెద్దలతో చెప్పించాలి, అప్పటికీ కాకపోతే పంచాయతీ, మున్సిపల్ సిబ్బందికి చెప్పాలి. అది తప్పు కాదు, పిల్లల ప్రాణం ఒకరి మొండితనం కంటే పెద్దది. కానీ అప్పుడు కూడా హాని ఎంతవరకో మన చేయి అంతవరకే. నీళ్లు పారబోయాలి, డ్రమ్ము బోర్లించాలి. దాగలి జోలికి పోకూడదు.

ఈ సంగతి మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. గుడారాలు వేసుకుని బతికిన రోజుల్లో "వీళ్ల వల్ల ఊరు అసహ్యంగా ఉంది, లేపేయండి" అన్న మాటలు మన పెద్దలు విన్నారు. మన కొలిమి ఇతరుల కంటికి చెత్త, మనకు అన్నం. ఆ నొప్పి తెలిసిన మనం మరొకరి వాకిలిని ఆ కళ్లతో చూడవచ్చునా?

కొన్నాళ్లకు మేం మాతాజీ ఇంటికి వెళ్లి చేతులు జోడించి తప్పు ఒప్పుకున్నాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అంది: "నడుం వంగక వదిలేశాను బిడ్డా. ఒక్క మాట అడిగి ఉంటే మీతో కలిసి నేనే పీకేదాన్ని. దాగలి ఒక్కటీ ఉంచమనేదాన్ని."

ఇప్పుడు వారానికొక రోజు మా వీధి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి నిలవ నీళ్లు పారబోస్తారు. మొదట తమ ఇంట్లో, ఆ తరువాత తలుపు తట్టి, అడిగి, పక్కింట్లో. మాతాజీ వాళ్లకు బెల్లం ముక్కలు పెడుతుంది. వేపచెట్టు కింద మాత్రం ఆ చోటు ఖాళీగానే ఉంది.

ప్రతి అర్దాస్‌లో మనం సర్బత్ దా భలా కోరుకుంటాం. ఆ సర్బత్‌లో మన పొరుగింటివారూ ఉన్నారు. ఈ వారం ముందు మీ వాకిలి చూసుకోండి. తరువాత చీపురు లేకుండా, ఉత్త చేతులతో పొరుగింటి తలుపు తట్టండి.

వాహెగురూజీ కా ఖాల్సా, వాహెగురూజీ కీ ఫతెహ్!