ఏం తక్కువ చేశాం?

మొన్న పక్కింటి పిన్నిగారు పంజరం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"చూడమ్మాయీ, మా చిట్టి ఈకలన్నీ పీకేసుకుంటోంది. ఏం తక్కువ చేశాం దీనికి? పొద్దున పాలన్నం, సాయంత్రం పొద్దుతిరుగుడు గింజలు!" అంటూ కళ్ళు ఒత్తుకున్నారు.

చిట్టి రొమ్ము మీద బోసిగా చర్మం కనబడుతోంది. తల మాత్రం పచ్చగా నిగనిగలాడుతోంది. ముక్కు అక్కడిదాకా అందదు కదా, పాపం!

ఆవిడ ప్రేమను శంకించే ధైర్యం నాకు లేదు. కానీ పాలు చిలుకకు అరగవు; పాలలోని చక్కెరను జీర్ణం చేసుకునే శక్తి పక్షులకు ఉండదు. వట్టి గింజలే తింటే కొవ్వు పట్టి కాలేయం చెడుతుంది. ఎ విటమిను చాలక ముక్కూ గొంతూ జబ్బుపడతాయి. కాస్త మునగాకు, ఓ క్యారెట్టు ముక్క వేస్తే ఎంతో నయం. ఇక ఈకలు పీక్కోవడమంటారా, చర్మవ్యాధో లోపలి జబ్బో ఉందేమో డాక్టరు చూడాలి. ఏమీ లేదంటే, మిగిలేది ఒంటరితనం. గుంపులో బతకవలసిన ప్రాణి మరి!

ప్రేమంటే మనకు తోచింది పెట్టడమేనా? ఎదుటి ప్రాణికి ఏది కావాలో తెలుసుకోనక్కర్లేదా?

పైగా చిలుక తన జబ్బును దాచుకుంటుంది. నీరసం బయటపడితే గద్దలు కనిపెడతాయని అడవి నేర్పిన జాగ్రత్త అది. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుందన్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతోందన్నా వ్యాధి బాగా ముదిరిందన్నమాటే. (మా అమ్మా అంతే. నొప్పి అని నోరు విప్పేసరికి ఆపరేషను దాకా వచ్చింది.)

నా చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో ఓ చిలుక ఉండేది. రెండు రోజులు పలక్కపోతే "అలిగింది" అని నవ్వుకున్నాం. మూడోనాడు పొద్దున్న పంజరం అడుగున ముడుచుకుని పడి ఉంది. దిష్టి తగిలిందంది అమ్మమ్మ. ఆ మాట నమ్మడం నాకు ఎంత హాయిగా ఉండిందో!

ఇంకో చిక్కుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకను పెంచుకోవడమే నేరం. తొమ్మిదేళ్ళుగా కన్నబిడ్డలా చూసుకుంటున్న మనిషితో ఆ మాట అనడమెలా? పోనీ వదిలేద్దామా అంటే రెక్కలు కత్తిరించిన పక్షి, తిండి వెతుక్కోవడం ఎరగనిది, తెల్లారేలోగా పిల్లి పాలో కాకుల పాలో అవుతుంది. ఉంచితే తప్పు, వదిలితే పాపం.

చివరికి చెప్పేశాను. ముందు పాలు మానమన్నాను, డాక్టరుకు చూపించమన్నాను. ఆ తరవాత అటవీశాఖ వాళ్ళకు అప్పగించడమే మంచిదన్నాను.

పిన్నిగారు చాలాసేపు మాట్లాడలేదు. పంజరం మీద కొంగు కప్పి లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "అక్కడ దీన్ని చిట్టీ అని ఎవరు పిలుస్తారమ్మాయీ?" అన్నారు.

ఆ పిలుపు చిట్టికి కావాలా, మీకు కావాలా అని అడగబోయి ఊరుకున్నాను.