ఎవరి బాకీ ఎవరు తీర్చాలి?

అమ్మ పదవీ విరమణ సభలో శాలువాలు, పూలదండలు అయ్యాక ఏడుగురు మాట్లాడారు. ఆరుగురు ఒకే మాట అన్నారు: "మేడమ్ గారు ఇక హాయిగా మనవలతో గడపాలి." ఏడో ఆయన మాత్రం "ఇకనైనా సమాజానికి ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలి" అన్నాడు. ముప్ఫై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషిని పట్టుకుని! ఇంతకాలం ఆమె చేసింది ఇవ్వడం కాదా? నాకు నవ్వూ, కోపమూ కలిసి వచ్చాయి.

ఆ కోపం ఎంత డొల్లదో నెల తిరక్కుండానే తెలిసింది. అప్పటికి నా కూతురికి ఎనిమిది నెలలు. ఫెలోషిప్ గడువు ముంచుకొస్తోంది. అమ్మ వచ్చేస్తుందన్న ధీమాతో క్రెష్ కూడా వెతకలేదు. ఫోన్ చేస్తే నిదానంగా అంది: "వస్తానే. నెలకు పది రోజులు. మిగతా రోజులు నాకిక్కడ పనుంది."

"ఇప్పుడు నీకేం పనమ్మా?" అన్నాను. అన్నాక ఆ మాట నాకే వినిపించింది. పాప తండ్రిని సెలవు పెట్టమని అడగాలన్న ఆలోచన కూడా అమ్మ కాదన్నాకే వచ్చింది నాకు. నేను స్త్రీవాద సాహిత్యం మీద డాక్టరేట్ చేశాను.

అమ్మ పని ఇది. ఊళ్లో డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు సాయంత్రం పాస్ పుస్తకాలతో మా వసారాలో కూర్చుంటారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి ఎంత, కట్టిన కిస్తులో వడ్డీ ఎంత, అసలు ఎంత... సంతకం పెట్టడం వాళ్లకు ముందే వచ్చు. ఆ సంతకం ఏ అంకె కింద పెడుతున్నారో చదవడం ఇప్పుడు నేర్చుకుంటున్నారు.

'తిరిగి ఇవ్వడం' అన్నామంటే ముందు ఒక అప్పు ఉన్నట్టే. మన సంప్రదాయం పుట్టుకతోనే దేవ, ఋషి, పితృ ఋణాలని మూడు చెప్పింది. యజ్ఞంతో, అధ్యయనంతో, సంతానంతో అవి తీరతాయంది. ఆ పద్దుల్లో అప్పున్నది పురుషుడికే. స్త్రీ అతని పితృఋణం తీరే సాధనం. వానప్రస్థమూ అంతే. ఒంటి మీద ముడతలు, నెరిసిన తల, మనవడి పుట్టుక చూసుకున్న గృహస్థు, భార్యను కొడుకులకు అప్పగించో వెంట తీసుకునో అడవికి వెళ్లాలంటుంది మనుస్మృతి ఆరో అధ్యాయం. ఆమె తల ఎప్పుడు నెరిసిందో ఎవరికీ పట్టలేదు.

ఇవాళ్టి పద్దు చూద్దాం. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానిమీద పెడుతున్నారు. 2024లో అవి 289, 88. మరి బాకీ పడ్డది ఎవరు?

కాబట్టి ఆడవాళ్లు ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు అనుకుంటే సరిపోతుందా? కొన్నాళ్లు నేనలాగే వాదించాను. అమ్మ ఒప్పుకోలేదు. "మా అమ్మ నా వంతు పని కూడా తనే చేసి నన్ను బడికి పంపింది. అది ఆమెకు తీర్చలేను. అందుకే వీళ్లకు తీరుస్తున్నాను" అంది. ఆమె లెక్కలో అప్పు ఇచ్చింది సమాజం కాదు, ఒక ఆడమనిషి.

అయినా సేవ అనే మాటంటే నాకు భయమే. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841-1909) పేరును 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజన పథకానికి పెట్టింది. మంచిదే. కానీ ఆ అన్నం వండే ఆడవాళ్లకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. దండం పెట్టడం తేలిక, లెక్క కట్టడం కష్టం. ఇవ్వడానికీ, చాకిరీకీ తేడా ఎక్కడుందంటే, కాదనగలగడంలో ఉందనిపిస్తుంది నాకు. అమ్మ నాకు 'పది రోజులే' అనగలిగింది కనుకే వసారాలో గడిపే సాయంత్రాలు ఆమె ఇస్తున్నవయ్యాయి.

అయితే కాదనడానికి ఆధారం కావాలి. 1970లో వార్ధక్యం మీద రాసిన పుస్తకంలో సిమోన్ ద బోవా, బతుక్కి అర్థమిచ్చే పనులు కొనసాగిస్తేనే ముసలితనం పాత జీవితానికి వెక్కిరింత కాకుండా ఉంటుందని వాదించింది. ఆ అవకాశం కొద్దిమందికే దక్కుతుందనీ గుర్తుచేసింది. అమ్మ ఆ కొద్దిమందిలో మనిషి. 2004 సెప్టెంబరుకు ముందే ఉద్యోగంలో చేరింది కనుక పాత పెన్షన్ వస్తుంది. వసారాలో ఆమె పక్కన కూర్చునే అరవై అయిదేళ్ల మనిషి పొద్దున కలుపు తీసి వస్తుంది. వృద్ధాప్య పింఛను 2024 నుంచి నెలకు 4000 రూపాయలైంది. అయినా ఆమెకు పదవీ విరమణ తేదీ అంటూ లేదు. 'మలివయసుకు ఏం ప్లాన్ చేసుకున్నావు?' అని ఆమెను అడగడానికి నాకు నోరు రాదు. ఆమెకు మనం ఇచ్చేదాన్ని దాతృత్వం అనడానికి కూడా. ఆమెకు రావలసిందే ఆలస్యంగా చేరుతోంది.

ఇప్పుడు పాప క్రెష్‌కి వెళ్తోంది. సాయంత్రాలు వాళ్ల నాన్నవి. అమ్మ తన పది రోజులకు వచ్చింది. పాపను ఒళ్లో పెట్టుకుని, ఫోన్లో ఎవరికో చక్రవడ్డీ చెబుతోంది. నా బాకీ ఎంతో నేనింకా లెక్క కట్టుకోలేదు.